ఘాటెక్కని కారు

కేశవయ్యగారి కారు మళ్ళీ ఘాటు రోడ్డు మీద ఆగిపోయిందని తెలిసేసరికి ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది.

ఇది నాలుగోసారి. సోమవారం పొద్దున గిద్దలూరులో బయలుదేరిన కారు నల్లమల సగం ఎక్కేసరికి ఉడికిపోయి, బానెట్ సందుల్లోంచి పొగలు కక్కింది. ఎవరో లారీ డ్రైవరు పుణ్యం కట్టుకుని తాడు కట్టి వెనక్కి లాక్కొచ్చాడు. మంగళవారం పొద్దెక్కేసరికి అది మౌలాలి ఉస్తాద్ షెడ్డు ముందు బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. ముప్పై ఏడేళ్ళ బండి. ఓబులేసు కంటే ఐదేళ్ళు పెద్దది. ఆ పెద్దరికం అతనికి బాగానే చూపిస్తోంది.

ఓబులేసు మంచి పనివాడు. ఆ మాట ముందే చెప్పుకోవాలి, తర్వాత చెప్పబోయేవి వింటే ఎవరూ నమ్మరు. అతనితో ఒకటే చిక్కు, చెయ్యి ఊరుకోదు. బండి వచ్చి ఆగీ ఆగకముందే పానా పట్టుకుని దాని మీద పడతాడు. బండాయన "ఏదో చప్పుడొస్తోంది" అని చెప్పడం ముగించేలోపు రెండు బోల్టులు విప్పేసి ఉంటాడు. పదమూడేళ్ళుగా ఉస్తాద్ దగ్గరే ఉన్నాడు. ఉస్తాద్ పని మొత్తం పట్టుబడింది గానీ ఉస్తాద్ నిదానం మాత్రం అంటలేదు.

ఉస్తాద్‌కు డెబ్బై దాటాయి. కళ్ళకు పొరలు కమ్మి రెండేళ్ళుగా పానా ముట్టడం మానేశాడు. పాత బస్సులోంచి ఊడదీసిన సీటొకటి రేకుల కింద వేయించుకుని, వచ్చే పోయే బండ్ల చప్పుడు వింటూ కూర్చుంటాడు. షెడ్డంతా ఓబులేసు చేతిలోనే పెట్టాడు. రెండు కట్టుబాట్లు మాత్రం సడలించలేదు. తాను సరేననకుండా ఎవరూ ఇంజను పైభాగమైన హెడ్డు విప్పకూడదు. చూసి సరిచేసిన ప్రతిదాని మీదా సుద్దముక్కతో గీత పెట్టాలి. గీత ఉందంటే అది చూడటం అయిపోయిందని అర్థం. ఒకడు చూసిందే ఇంకొకడు మళ్ళీ విప్పి పొద్దు పుచ్చకూడదని ఆ ఏర్పాటు.

కేశవయ్యగారి కారు నిండా ఓబులేసు గీతలే. నెలన్నర కిందట నీళ్ళు కారుతున్నాయంటే, రేడియేటరు అడుగు నుంచి ఇంజనుకు నీళ్ళు తీసుకుపోయే రబ్బరు పైపు మార్చాడు. దాని మీద గీత. తర్వాత కారు ఘాటు మీద ఆగిపోతే రేడియేటరు ఊడదీసి కడిగించాడు. గీత. రెండోసారి ఆగితే, నీళ్ళకు అడ్డం పడుతోందని లోపలి వాల్వు పీకేశాడు. మూడోసారి ఆగితే నీళ్ళ పంపు కొత్తది వేసి బెల్టు బిగించాడు. మళ్ళీ గీతలు. వేడికీ దుమ్ముకీ పాత గీతలు మాసిపోతే, కారు వచ్చినప్పుడల్లా వాటిని సుద్దతో దిద్దేవాడు కూడా. పనిలో శుభ్రం ఉండాలని అతని పట్టుదల.

ఊళ్ళో తిరిగినంతసేపూ కారు బంగారంలా ఉండేది. ఘాటెక్కితేనే దాని అసలు గుణం బయటపడేది. ఆగి, చల్లార్చుకుని, మళ్ళీ కదిలి, ఎలాగో దాటిన రోజులున్నాయి. దాటని రోజులు నాలుగు.

"ఎంతసేపు పట్టుద్ది ఓబులేసూ?" అని అడిగాడు కేశవయ్య. ఆయన ఫారెస్టు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. గట్టిగా మాట్లాడటం రాదు.

"హెడ్డు విప్పాల సార్. లోపల గాస్కెట్టు పోయుంటాది. ఇంక మిగిలింది అదొక్కటే."

"విప్పితే?"

"రెండ్రోజులు. మూడనుకోండి."

కేశవయ్య కాసేపు నేలకేసి చూశాడు. "రేపు పొద్దున ఎనిమిదికి ఆమె మిషను దగ్గరుండాల గదయ్యా" అన్నాడు.

ఆమె అంటే ఆయన భార్య సుబ్బరత్నమ్మ. ఆమెకు మూత్రపిండాలు పనిచేయవు. వారానికి రెండుసార్లు నంద్యాల పోయి, ఆసుపత్రిలో మిషను మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి. సోమవారం రెండు గంటలపాటు ఘాటు మీద బండరాయి పక్కన ఎండలో కూర్చోవడంతో ఆమె వంతు దాటిపోయింది. బతిమాలితే ఆసుపత్రివాళ్ళు బుధవారం పొద్దున రమ్మన్నారు. ఈలోపే కాళ్ళు వాచాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. ఈ వంతు కూడా పోతే ఏమవుతుందో డాక్టరు చెప్పనే చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు పడుకునే రావాలి కాబట్టి బస్సు పనికిరాదు. అద్దె కార్లవాళ్ళను అడిగితే, బుధవారం పెళ్ళిళ్ళట, ఊళ్ళో ఒక్కటీ ఖాళీ లేదు.

ఇదంతా ఓబులేసుకు తెలుసు. తెలిసినకొద్దీ కాలు కాలిన పిల్లిలా కారు చుట్టూ తిరిగాడు. రేడియేటరు మూత తట్టాడు, బెల్టు నొక్కాడు, పంపు చెవిలో ఏదో చెబుతుందన్నట్టు దాని మీదికి వంగాడు. చివరికి చేతులు తుడుచుకుంటూ ఉస్తాద్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఉస్తాద్, హెడ్డు విప్పుతా."

"ఎందుకు?"

"అన్నీ చూసేసినా. ఇంక అదే మిగిలింది."

"అన్నీ చూసినావా?"

"కావాలంటే గీతలు చూడండి" అనేసి, ఆయన కళ్ళ సంగతి గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు.

ఉస్తాద్ ఆ మాట పట్టించుకోలేదు. మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు. "ఒక బకెట్టు నీళ్ళు పట్రా. గుడ్డ కూడా" అన్నాడు.

ఎందుకో తెలియకపోయినా తెచ్చిపెట్టాడు ఓబులేసు. ఉస్తాద్ గుడ్డ తడిపి, పిండి, కారు ముందు వంగి తుడవడం మొదలుపెట్టాడు. గీతలు ఎక్కడున్నాయో ఆయనకు కనపడవు. అందుకని చేత్తో తడుముకుంటూ అన్నీ తుడిచాడు. రేడియేటరు, పంపు, పైపులు, ఒక్కటీ వదల్లేదు. నల్లటి నీళ్ళు కారి నేల మీద పడ్డాయి.

"ఉస్తాద్! అవి నేను చూసినవి!"

"అప్పుడు చూసినావు" అన్నాడు ఉస్తాద్, గుడ్డ మళ్ళీ పిండుతూ.

ఓబులేసుకు ఒళ్ళు మండింది. గీత పెట్టమన్నదీ ఈయనే, తుడిచేసేదీ ఈయనే. అవతల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చి కూర్చుంటే ఈయనకు బండి కడగడం కావాల్సి వచ్చిందా? ముసలితనం వస్తే ఇంతేనేమో అని కూడా అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. అయినా కోపం పోలేదు.

"పానాలన్నీ ఇట్టియ్యి" అన్నాడు ఉస్తాద్.

జేబులోంచి మూడు, నడుం దగ్గరిది ఒకటి, చెవి పైన పెట్టుకున్న టెస్టరు కూడా తీసిచ్చాడు. ఉస్తాద్ వాటిని సీటు మీద పెట్టి, వాటి పక్కనే తానూ కూర్చున్నాడు.

"సారూ, మీరు ఎక్కి బండి స్టార్టు చెయ్యండి. ఓబులేసూ, నువ్వు ముందర నిలబడు. చేతులు వెనక్కి కట్టుకో. చూడు."

"ఏం చూడాల?"

"నాకు కనపడేదుంటే నిన్నెందుకు చూడమంటా?"

కేశవయ్య బండి స్టార్టు చేశాడు. ఇంజను ముసలి ఒంటెద్దు బండిలా కదిలి, కుదురుకుని, ఒకే తీరుగా మోగసాగింది. ఓబులేసు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఐదు నిమిషాలు గడిచాయి. ఏమీ లేదు.

చేతులు కట్టుకుని నిలబడటం ఎంత కష్టమో ఆ రోజు దాకా ఓబులేసుకు తెలియదు. వెనక అతని వేళ్ళు వాటంతటవే బోల్టులు విప్పుతున్నాయి. ఈపాటికి హెడ్డు మీది మూత తీసేసి ఉండేవాణ్ణి. ఈపాటికి నాలుగు బోల్టులు. ఈపాటికి ఎనిమిది. రేకుల వేడి నెత్తి మీద పడుతోంది. చెమట కనుబొమల్లోంచి దిగి కంట్లో పడుతోంది. తుడుచుకుందామని చెయ్యి తీసి, ఉస్తాద్ వైపు చూసి, మళ్ళీ కట్టుకున్నాడు. టీ కొట్టు ఆసామి బాషా అటుగా పోతూ, "ఏందిది, ఓబులేసును బడిలో మాదిరి నిలబెట్టినారు?" అని నవ్వాడు. 

ఇరవై నిమిషాలైంది. ఇంజను వేడి చూపే సూది మధ్యలోనే ఉందని కేశవయ్య లోపలి నుంచి కేకేశాడు.

"చూసినారా ఉస్తాద్! ఈడ నిలబెడితే దీనికేం రోగం? ఘాటెక్కాల. అప్పుడు గదా తెలిసేది!" అన్నాడు ఓబులేసు.

"అయితే ఘాటును ఈడికే తెద్దాం" అన్నాడు ఉస్తాద్. "సారూ, కొండెక్కేటప్పుడు ఎంత తొక్కుతారో అంత తొక్కి పట్టుకోండి. నేను చాలనేదాకా వదలొద్దు."

కేశవయ్య తొక్కాడు. షెడ్డు రేకులు అదిరాయి. ఓబులేసు చూపు అలవాటుగా పంపు మీదికి పోయింది. అక్కడి నుంచి బెల్టు మీదికి, బెల్టు నుంచి రేడియేటరు మీదికి. ఇదివరకైతే ఒక్కో గీత దగ్గర చూపు 'ఇది అయిపోయింది' అనుకుని దాటిపోయేది. ఇప్పుడు గీతల్లేవు. తడిసి నల్లగా మెరుస్తున్న సామాను అంతా ఒకేలా ఉంది. చూపు మెల్లిగా కిందికి దిగి రేడియేటరు అడుగున ఉన్న పైపు మీద పడింది.

పైపు సన్నబడింది.

కళ్ళల్లో చెమట వల్ల అనుకున్నాడు. కాదు. కళ్ళముందే పైపు రెండు పక్కలా లోపలికి ముడుచుకుపోయి, రసం పీల్చేసిన మామిడిపండు తొక్కలా అతుక్కుపోయింది. అందులోంచి ఒక్క చుక్క నీరు కూడా పోయే దారి లేదు.

"సూది లేస్తోంది!" అని అరిచాడు కేశవయ్య.

"చాలు" అన్నాడు ఉస్తాద్.

కేశవయ్య కాలు తీశాడు. పైపు ఉబ్బి, గుండ్రంగా, ఏమీ ఎరగనట్టు మామూలుగా అయిపోయింది.

 ఆ పైపు వేసింది తనే. పాత పైపు లాగినప్పుడు దాని లోపల చుట్లు చుట్లుగా తీగ స్ప్రింగు ఒకటి ఉంది. పంపు నీళ్ళను గట్టిగా లాగినప్పుడు పైపు అణిగిపోకుండా కాసే స్ప్రింగు. కొత్త పైపులో అది లేదు. తుప్పు ముక్క దేనికని పాతదాన్ని తుక్కులో పారేసి, పది నిమిషాల్లో పని ముగించానని ఆ రోజు చంకలు గుద్దుకున్నాడు. తర్వాత కొత్త పంపు వేస్తే అది ఇంకా బలంగా లాగి, పైపును ఇంకా త్వరగా అణిచేసింది. నెలన్నరగా కారులో ఎవరెవరో చేసినవన్నీ విప్పి చూశాడు. తన చేత్తో చేసిన మొదటి పనిని మాత్రం చూడలేదు. పైగా వచ్చినప్పుడల్లా దాని మీద గీత దిద్దాడు.

బానెట్ అడ్డం ఉంది కాబట్టి కేశవయ్యకు ఏమీ కనపడలేదు. ఉస్తాద్‌కు ఎలాగూ కనపడదు. పైపు నాసిరకం సార్ అనేస్తే సరిపోయేది. అలాంటివి రోజూ జరిగేవే, ఎవరూ మళ్ళీ అడగరు. ఆ మాట ఓబులేసు నోటిదాకా వచ్చింది కూడా. మింగేసి, ఉస్తాద్ సీటు దగ్గరకు పోయి గొంతుక్కూర్చున్నాడు.

"ఉస్తాద్, కింది పైపులో స్ప్రింగు... నేనే తీసి పారేసినా. తప్పు నాది."

ఉస్తాద్ అతని ముఖంవైపు తిరిగాడు. ఎంత కనపడిందో ఏమో.

"నాకెందుకు చెప్తావు?" అన్నాడు. "ఎండలో బండ పక్కన కూర్చుంది నేనా?"

మసీదులో అజాన్ వినిపించింది. ఉస్తాద్ టోపీ సర్దుకుని, గోడ పట్టుకుంటూ మధ్యాహ్నపు జొహర్ నమాజుకు వెళ్ళిపోయాడు. పానాలు సీటు మీదే ఉన్నాయి.

కేశవయ్య కారు దిగొచ్చాడు. "ఏమైనా తెలిసిందా?"

"దొరికింది సార్. హెడ్డు విప్పే పన్లేదు. సాయంత్రానికి అయిపోతాది."

"ఏందంటా?"

ఓబులేసు పైపుకేసి చూశాడు. "కింది పైపు సార్" అన్నాడు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు.

కేశవయ్య అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "నువ్వుండబట్టి సరిపోయింది నాయనా. లేకుంటే ఈ కొంపలో ఏమైపోయేదో" అన్నాడు. ఆ మాట కంటే చెంప మీద ఒకటి ఇచ్చి ఉంటే బాగుండేది. ఓబులేసు తల దించుకుని తీగచుట్ట కోసం షెడ్డు లోపలికి పోయాడు.

అలాంటి స్ప్రింగు ఊళ్ళో ఏ దుకాణంలోనూ విడిగా దొరకదు. గట్టి తీగను ఇనప గొట్టానికి చుట్టి తనే చేశాడు. మొదటిది తొందరలో చుట్టాడు, చుట్ల మధ్య ఎడం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. అది పనికిరాదని తనకే తెలిసి పక్కన పడేశాడు. రెండోది పైపులో బిగుసుకుపోయి నీళ్ళ దారికే అడ్డమయ్యేలా ఉంది. మూడోదానికి ఒక్కో చుట్టు చుట్టడం, ఆగడం, వేలు దూర్చి చూడటం. మధ్యాహ్నం భోజనం సంగతి గుర్తురాలేదు. నమాజు నుంచి వచ్చిన ఉస్తాద్ తన చోట కూర్చున్నాడు. పొద్దు వాలేవేళకు స్ప్రింగు పైపులో కూర్చుంది. పీకేసిన వాల్వు చోట కొత్తది కూడా పెట్టాడు. కేశవయ్య మళ్ళీ యాక్సిలరేటరు తొక్కాడు. రేకులు అదిరాయి. పైపు గుండ్రంగానే ఉంది. ఓబులేసు ఈసారి ఎవరూ చెప్పకుండానే చేతులు కట్టుకుని, అరగంటసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"రేపు నేనే తోలుకుపోతా సార్" అన్నాడు.

బుధవారం తెల్లవారుతూనే బయలుదేరారు. సుబ్బరత్నమ్మ వెనక సీట్లో దిండు పెట్టుకుంది గానీ దాని మీద వాలలేదు. ముందు సీటు అంచు గట్టిగా పట్టుకుని నిటారుగా కూర్చుంది. కేశవయ్య ఓబులేసు పక్కన కూర్చున్నాడు.

దిగువమెట్ట దాటింది. ఘాటు మొదలైంది. ఓబులేసు ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను సూది మీద పెట్టి తోలుతున్నాడు. సూది కదలడం లేదు. అతని ఎడమ మోకాలు మాత్రం ఆగకుండా ఊగుతోంది. బండి బాగానే ఎక్కుతోంది, ఇంకేం చెప్పక్కర్లేదు, నోరు మూసుకుంటే నంద్యాల వచ్చేస్తుంది. అలా అనుకుంటూ రెండు మలుపులు తిప్పాడు.

"ఇంతకీ ఏం పోయిందబ్బాయ్ దీనికి?" అని అడిగింది సుబ్బరత్నమ్మ. "ఈయన్నడిగితే పైపంటాడు, ఇంకేం చెప్పడు."

మోకాలు ఆగింది.

"ఏం పోలేదమ్మా. పైపులో ఉండాల్సిన స్ప్రింగు నేను తీసి పారేసినా. తుప్పు ముక్క అనుకున్నా. నాలుగుసార్లు మీరు ఈ కొండ మీద ఆగిపోయింది దానివల్లే. మొన్న వంతు పోయింది కూడా నావల్లేనమ్మా."

కేశవయ్య తల తిప్పి అతనివైపు చూశాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూడసాగాడు. నిన్న తాను పట్టుకున్న ఆ మోచెయ్యి ఇప్పుడు ఆయన పక్కనే ఉంది.

 ఒక మలుపు పోయింది. ఇంకో మలుపు పోయింది. తిట్టినా బాగుండు అనుకున్నాడు ఓబులేసు. ఏడ్చినా బాగుండు. బండి ఆపి దిగమన్నా దిగి నడిచిపోయేవాడు.

"మళ్ళీ పెట్టినావా అది?" అంది సుబ్బరత్నమ్మ.

"పెట్టినానమ్మా."

"నీ చేత్తోనేనా?"

"నా చేత్తోనే."

 సీటు అంచు మీది నుంచి ఆమె చెయ్యి తీయడం అద్దంలో కనపడింది. దిండు సర్దుకున్న చప్పుడైంది.

"అయితే నే పడుకుంటా" అంది. "నెల దాటింది ఈ కొండ మీద కన్ను మూసి. ఆసుపత్రి వచ్చినాక లేపు."

ముందు వెదురు లారీ ఒకటి మూలుగుతూ ఎక్కుతోంది. పక్కన దాటిపోయేంత చోటుంది. వెనక సీట్లోంచి సన్నగా గురక మొదలైంది. ఓబులేసు లారీ వెనకాలే నిదానంగా పోనిచ్చాడు.